పరగడుపువాళ్ల వరస

నాన్నకు నమస్కారం. నేను కులాసా, వేళకు తింటున్నాను.

డాక్టరు చదువు పక్కన ఎంబీఏ ఏమిటి, రెండు పడవల మీద కాళ్లు పెట్టానని రాశారు. నిన్న జరిగింది వినండి. మా ఆసుపత్రిలో రక్తపరీక్షకు వచ్చిన ఒక పెద్దాయన వరసలోనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. పొద్దుటినుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదట. ఆయన ముందు నిలబడినవాళ్లలో చాలామంది పరగడుపు అక్కర్లేని పరీక్షలకు శుభ్రంగా తినొచ్చినవాళ్లే. వెంటనే ఆయనకు రక్తం తీయించి, టీ ఇప్పించాను. వరసలు ఎలా నడపాలో ఎంబీఏలో ఈమధ్యే చెప్పారు. అందుకే పరగడుపున వచ్చినవాళ్లను వేరే వరసలో నిలబెడదామని పెద్ద నర్సును అడిగాను.

"జనం ఒప్పుకోరమ్మా, కొట్టుకుంటారు," అంది.

అయినా ఇద్దరం దగ్గరుండి వరసను రెండుగా విడదీశాం. కాస్త గొణిగారు గానీ ఎవరూ కొట్టుకోలేదు. ఇవాళ పెద్ద డాక్టరుగారు అక్కడ బోర్డే పెట్టించారు.

నిన్న టీ తాగి తేరుకున్నాక ఆ పెద్దాయన నా చదువు సంగతి అడిగితే చెప్పాను.

"డాక్టరమ్మకు వ్యాపారం చదువెందుకు? నాడి చూస్తే చాలదూ?"

"నాడి చూడాలంటే మీరు నా దాకా రావాలిగా, తాతా," అన్నాను. నవ్వాడు. మీకూ అదే నా జవాబు.

ఎవరైనా ఇటు వస్తుంటే నా స్వెట్టరు పంపండి. నీళ్ల మోటారు బాగు చేయించారా? అమ్మ మోకాలికి కట్టు మానేయవద్దనండి. మీరు షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు పరగడుపున వచ్చానని ముందే చెప్పండి. మొహమాటపడి వెనకాల నిలబడకండి. పట్టుకోవడానికి అక్కడ నేనుండను.

అమ్మకూ బామ్మకూ నమస్కారాలు.

మీ చిన్నమ్మాయి