గుడ్డ మీదికొచ్చిన పీత

నా పెపే తల్లీ,

నేను మలియా అమ్మని. నాకు రాయడం సరిగా రాదు, తప్పులుంటే నవ్వుకో. నీ మేలు మరిచిపోలేదని చెప్పడానికే రాస్తున్నా.

ఆ సాయంత్రం మీ పడవలో జరిగింది దీవంతా దయ్యం కథలాగా చెప్పుకుంటున్నారు. సముద్రంలోంచి దయ్యం నీ పేరు పెట్టి పిలిచిందట. పలికినవాళ్లని తీసుకుపోతుంది కదా. నువ్వు పలకబోతుంటే పక్కనున్న పిల్లెవరో ముందే "ఓయ్, వస్తున్నా" అని నీ బదులు నీళ్లలోకి పోయిందట. పిల్లెవరో అంటారేగాని మలియా పేరెత్తరు. నేను పిలిస్తే మూడోసారికి గాని పలికేది కాదు, మొండిపిల్ల. నీకోసం ఒక్క పిలుపుకే పలికింది.

శవం దొరకలేదు. మన పెద్దల పద్ధతిలో ఒడ్డున గుడ్డ పరిచి, దాని మీదికి మొదట ఏ జీవి వస్తే అదే మలియా అని నాలుగు రోజులు కూర్చున్నావు. "మాడిపోతావే, పీతలకేం తెలుసు నీ బాధ?" అని మీ పిన్ని ఎగతాళి చేస్తే, "మలియా ఎప్పుడూ ఆలస్యమే పిన్నీ, వస్తుంది" అన్నావు. చివరికి గుడ్డ మీదికొచ్చిన ఆ చిన్న పీతని మూటగట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టావు. ఇంటి ముందే పాతిపెట్టాను. రోజూ పొద్దున్నే పక్కన కూర్చుని దాన్ని తిట్టుకుంటున్నా. ఆ చోటు నువ్విచ్చిందే.

అపియా పట్నం వెళ్లాక నువ్వు తిండి మానేశావని మీ మామ్మ కబురంపింది. బతికినందుకు సిగ్గుపడుతున్నావట. నా బిడ్డ నీకిచ్చిపోయిన ప్రాణమమ్మా, దాన్ని మాడ్చకు. చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకులు పడవలో పంపుతున్నా. కడుపునిండా తిను.