సిమెంటు కొంగ, నాన్న కొబ్బరి

కుళనడ,
జూన్ 24.

అమ్మకు,

ప్రసీద నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నానమ్మా, రెండు మేకలూ బాగున్నాం. ఇంట్లో బాగోలేనిది ముంగిలి ఒక్కటే. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయించు. శుక్రవారం షాజహాన్ అన్న మళ్ళీ కువైట్ వెళ్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం, కేజీ అరటికాయ చిప్స్, నానమ్మ పెట్టిన మామిడికాయ ఊరగాయ ఇస్తున్నాను. ఎల్సీ అక్కా, ఎప్పట్లాగే నువ్వే కదా అమ్మకి చదివి వినిపించేది, చిప్స్‌లో సగం నీవి. ఒక్క మాట. ఈసారి అమ్మ బాధపడుతుందని మధ్యలో వాక్యాలు మింగేయకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నా" అంటాను, అంతలో మీ మేడం పిలుస్తుంది. ఇది అంతలో అయ్యే సంగతి కాదు.

కిందటి ఉత్తరంలో మూడు అడిగావు. నానమ్మ మాత్రలు వేసుకుంటోందా అని మొదటిది. వేసుకుంటోంది. చేదు మాత్రని బెల్లంలో చుట్టి మేకకి పెట్టబోతే ఒకసారి పట్టుకున్నాను, అంతే. ఓణానికి నువ్వు వచ్చేసరికి ముంగిట్లో పూల ముగ్గు వేసుకునేలా అవుతుందా అని రెండోది. నాన్నని దహనం చేసిన చోట నువ్వు నాటి వెళ్ళిన కొబ్బరి పూత వేసిందా అని మూడోది. రెండోదానికి ఇప్పుడు జవాబు రాస్తాను. మూడోదానికి చివర్లో.

నువ్వు అడిగింది చాలా చిన్నది. "బురద లేకుండా నాలుగు బండ్ల ఇసుక పోయించు తల్లీ, చాలు" అన్నావు. ఇసుక చాలదనుకున్నది నేను. కొత్త ఇల్లు, కొత్త ఉద్యోగం, స్కూలు టీచర్లందరినీ పాలు పొంగించే రోజుకి పిలవాలి. అందుకని ముంగిళ్ళకి పలకలూ తోటలూ వేసే కాంట్రాక్టరు వత్సలన్‌ని పిలిచాను.

కళ్ళు నెత్తికెక్కినవాళ్ళని చూశాను గానీ, కళ్ళద్దాలు నెత్తికెక్కినవాణ్ణి అప్పుడే చూశాను. తెల్ల కారు, దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో 'హరిత స్వర్గం', చేతిలో రెండు ఫోన్లు. రెండూ ఒకేసారి మోగేవి, రెండింటికీ ఒకే అబద్ధం చెప్పేవాడు. వెంట ఒక ఇంజనీరు అమ్మాయి, నా వయసుదే. ఆ అమ్మాయి మన ముంగిలి బొమ్మని రంగుల్లో గీసి తెచ్చింది. బూడిద రంగు పలకలు, మధ్యమధ్యలో గడ్డి, మూల ఒక తామర కొలను, తెల్ల గులకరాళ్ళ మధ్య ఒంటికాలి మీద ఒక కొంగ.

"ఇరవై ఐదు రోజులు టీచరుగారూ" అన్నాడు వత్సలన్. "ఇరవై ఆరో రోజున మీ ఇంటిని మీరే గుర్తుపట్టలేరు."

ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాడు.

అన్నిటికంటే ముందు కొంగ వచ్చింది. పలకలు లేవు, గడ్డి లేదు, కొలను లేదు, ఆటోలో గోనెసంచి చుట్టుకుని సిమెంటు కొంగ దిగింది. నానమ్మ దాన్ని పైనించి కిందికి చూసి, "ఒరే వత్సలా, పెళ్ళి కుదరకముందే మేళం వచ్చినట్టుందిరా నీ పని" అంది. వాడు పళ్ళికిలించాడు. తర్వాత మిషను వచ్చి రెండు రోజులు ముంగిలంతా పెకలించింది, కొలనుకి గుంట తవ్వింది, వెళ్ళిపోయింది. ఒక లారీ కంకర దిగింది. గడ్డి చాపచుట్టల్లా చుట్టుకుని వచ్చింది. "రేపొచ్చి పరుస్తాం" అన్నారు. ఆ రేపు రాలేదు. నాలుగో రోజుకి గడ్డి కొబ్బరి పీచులా ఎండిపోతుంటే మన నల్లమేక జాలిపడి తినేసింది. ఫోన్ చేస్తే, "మేకని కట్టేసుకోవాల్సింది టీచరుగారూ, పని ఆగిపోయింది మీ మేక వల్లే" అన్నాడు. అంటే, అమ్మా, మార్చి నుంచి జూన్ దాకా ఒక మనిషి పనికి రాకపోవడానికి కారణం మన మేక.

మేక ఒక్కటే అయితే బాగుండు. మొదట పలకలు దొరకలేదన్నాడు. తర్వాత పలకలు దొరికాయి, లారీ దొరకలేదన్నాడు. తర్వాత లారీ దొరికింది, మన సందులో పట్టదన్నాడు. ఆ సందుని టేపు పెట్టి కొలుచుకున్నది ఆయనే. తర్వాత వాన. ఇడవపాతి తొలకరి ప్రతి ఏడూ జూన్‌లో వస్తుందని ఆయనకి ఈ ఏడే తెలిసినట్టుంది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అని నువ్వు అనేదానివి చూడు. ఈయన మాటలు కారెక్కి తిరుగుతాయి.

కొలను గుంటలో వాన నీళ్ళు నిలిచి తామరలకి బదులు కప్పలు చేరాయి. ఆరోగ్య కార్యకర్త వచ్చి, "టీచరై ఉండి దోమల్ని పెంచుతున్నారా?" అని వీధంతా వినేలా అడిగింది. పాలు పొంగించే రోజున మా హెడ్‌మిస్ట్రెస్ చీర పట్టుకుని కంకర గుట్ట ఎక్కి దిగి ఇంట్లోకొచ్చింది. నేను తల ఎత్తలేదు.

పదకొండుసార్లు ఫోన్ చేశాను. పన్నెండోసారి ఫోన్ మానేసి, కిందటి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వాళ్ళింటికే వెళ్ళాను. గేటు తీశానో లేదో కాలు చీలమండ దాకా బురదలో దిగింది. అవును అమ్మా, 'హరిత స్వర్గం' యజమాని ఇంటి ముంగిలి! ఒక పక్క నాచు పట్టిన పలకల గుట్ట, మధ్యలో నడవడానికి రెండు కొబ్బరి దుంగలు. వాళ్ళావిడ శోభన వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"మీరూ ఆయన చేతిలో పడ్డవాళ్ళేనా?" అంది లేవకుండానే. "దుంగ మీద కాలేసి రండి. పక్కన వేస్తే మోకాలి దాకా పోతారు. మా పెళ్ళయిన ఏడు దింపాడు ఆ పలకలు. మా పెద్దది ఇప్పుడు తొమ్మిదో క్లాసు."

అంతలో ఆయన లుంగీ మీద, నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు. "అరెరే టీచరుగారా! ఇప్పుడే మీ ఇంటికే బయల్దేరుతున్నా."

"నురగతోటేనా?" అంది శోభన.

నేను మొదలుపెట్టాను. పలకలు వేయలేదు, కొలను కట్టలేదు, గడ్డి పరవలేదు, ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పాను. చివర్లో, "ఆ కొబ్బరి తీయిస్తానని మిషను తెచ్చి, ఒక పక్క తవ్వి, అది కూడా సగంలో వదిలేసి పోయారు. మూడు నెలలైంది" అన్నాను.

శోభన చెయ్యి చేటలో ఆగింది. "ఏ కొబ్బరి?"

"దక్షిణం వైపుది."

"దక్షిణం వైపుదా?" నా ముఖంలోకి చూసింది. "ఎవరిది టీచరూ?"

పోయినవాళ్ళని ఇంటికి దక్షిణాన కాల్చి అక్కడే కొబ్బరి నాటే మన ఊళ్ళలో అడిగే ప్రశ్న అదొక్కటే కదమ్మా. ఎవరిది అని. నేను నోరు తెరిచేలోగా వత్సలన్ నురగ ఉమ్మేసి అన్నాడు, "ఎవరిదీ కాదే. ఎండుకాయ పడి ఊరికే మొలిచిందని టీచరే చెప్పింది. మేమడిగాం, ఉంచాలా తియ్యాలా అని. తీసేయమంది."

మూడు నెలల్లో ఆ మనిషి నోట వచ్చిన ఒకే ఒక్క నిజం అది.

ఎల్సీ అక్కా, ఇక్కడ కాసేపు ఆగి అమ్మకి మంచినీళ్ళియ్యి. తర్వాత చదువు.

అమ్మా, నేనే తీసేయమన్నాను. కొలతలకి వచ్చిన రోజు ఇంజనీరు అమ్మాయి చెట్టుని పెన్నుతో చూపించి, "ఇది ఇక్కడ అడ్డంగా ఉంది. ప్రత్యేకంగా ఏమైనా ఉందా?" అని అడిగింది. మంచి బూట్లు వేసుకుంది. నాతో సమానంగా, స్నేహంగా మాట్లాడుతోంది. తోటలున్నవాళ్ళకి దక్షిణం అంటే తోట చివర. మనకి దక్షిణం అంటే వంటింటి కిటికీ. నాలుగు సెంట్ల నేలలో, అన్నం వండుకునే చోటికి ఆరడుగుల్లో మా నాన్నని కాల్చుకున్నామని ఆ అమ్మాయికి చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఏమీ లేదు, ఊరికే మొలిచిందన్నాను. అనేశాక వెనక్కి తీసుకోవడానికి ఎన్ని రోజులు దొరికాయో చూడు. తీసుకోలేదు. పదకొండుసార్లు ఫోన్ చేశానన్నానే, ప్రతిసారీ "ఆ చెట్టు కూడా త్వరగా" అన్నాను. దాన్ని చూసినప్పుడల్లా నా అబద్ధం కనిపిస్తోంది, అది పోతే అబద్ధం కూడా పోతుందనుకున్నాను.

బొమ్మ తెచ్చిన రోజు నానమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాకు చదువు రాదు, నువ్వు చూపించు. ఇందులో నా కొడుకు పొడియన్ ఎక్కడున్నాడు?" అని అడిగింది. వంటింటి కిటికీ మీద వేలు పెట్టి, అక్కణ్ణించి ఆరడుగులు తనే జరిపింది. "ఇక్కడ కొంగ ఉందేంటే?" అంది. ఇది ఉజ్జాయింపుగా గీసిన బొమ్మ నానమ్మా, అని లోపలికి వెళ్ళిపోయాను. పలక పట్టుకుని స్కూలుకి పోయిన మొదటి పిల్లని నేను మన ఇంట్లో. నా ఫీజు కోసం నాన్న ఇటుకల బట్టీలో వీపు కాల్చుకున్నాడు. ఆ చదువుతో నేను నానమ్మకి ఇచ్చుకున్నది ఈ జవాబు.

వత్సలన్‌ని ఇంతసేపు తిట్టాను. ఒక్క తిట్టు కూడా వెనక్కి తీసుకోను. పనికిమాలినవాడు, నోటి నిండా రేపులే. కానీ ఆ మనిషి మాట మీద నిలబడేవాడే అయి ఉంటే, ఈపాటికి నాన్న చోట కొంగ నిలబడి ఉండేది. ఆయన బద్ధకానికి చెట్టు బతికింది. నేను పట్టుబట్టిన పనికి అది చచ్చేది. ఇద్దరిలో ఎవరు హీనమో నువ్వే తేల్చు.

శోభనకి అప్పుడే చెప్పాను, "మా నాన్నది" అని. మూడు నెలల తర్వాత. ఆవిడ చేట పక్కన పెట్టి మొగుడి వైపు తిరిగింది. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు గానీ, గేటు దాకా వినిపించింది.

ఇంటికొచ్చి నానమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ పోకచెక్క నములుతూ వింది. "చెట్టు పక్కన తవ్విన రోజే తెలుసు. నువ్వు చెప్పడానికి ఇన్నాళ్ళు పడుతుందని మాత్రం తెలీలేదు" అంది. నా చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. తెగిన వేళ్ళ పక్క గుంట నిండా తడి కొబ్బరి పీచు, పైన మట్టి, దాని మీద పేడ. నేను ఇంట్లో లేనప్పుడల్లా కొంచెం కొంచెం పూడ్చిందట. కొలను గుంట మట్టే తెచ్చి పోసిందట, డెబ్భై రెండేళ్ళ మనిషి.

"ఒసే టీచరూ, కిందికి కాదు, పైకి చూడు" అంది.

ఇక నీ మూడో ప్రశ్నకి జవాబు. తవ్విన వైపు మట్టలు మూడు పసుపుపచ్చబడి వేలాడుతున్నాయి. రెండో వైపు, మట్టల సందున, కత్తి ఒరలాంటి ఆకుపచ్చ తొడుగు చీలి, వడ్ల రంగు పూగెల బయటికొచ్చింది. తొలి పూత. పది రోజులైందట. నేను ఆ పది రోజులూ ఆ కిటికీ వైపు తల ఎత్తలేదు.

"సగం వేళ్ళు తెగినా పూసింది. మొండి వెధవ, వాళ్ళ నాన్నలాగే" అంది నానమ్మ. కొడుకుని తిడుతూ ఏడ్చింది.

నిన్న వత్సలన్ ఫోన్ చేశాడు. భార్య చేయించినట్టుంది. "రేపు మనుషుల్ని పంపుతున్నా టీచరుగారూ, మొత్తం పూర్తి చేసేస్తా" అన్నాడు. "వత్సలన్‌గారూ, మీకు బాగా వచ్చిన పని ఒకటుంది. అదే చెయ్యండి. రాకండి" అన్నాను. కొలను గుంట పూడ్చేశాం. కొంగ వరండాలోనే ఉంది. నానమ్మ దాని ముక్కుకి మసిగుడ్డ ఆరేస్తోంది.

నువ్వు వచ్చేసరికి ముంగిలి అందంగా ఉండదమ్మా. వాన తెరిపిచ్చాక నువ్వు చెప్పిన నాలుగు బండ్ల ఇసుక నేనే దగ్గరుండి పోయిస్తాను. పూల ముగ్గుకి మాత్రం చోటు ఇప్పుడే చదును చేస్తున్నాను. వంటింటి కిటికీ ముందు, చెట్టు మొదట్లో. ఈ ఏడు మా హెడ్‌మిస్ట్రెస్‌నీ, టీచర్లందరినీ మళ్ళీ పిలిచాను. ఆ కొబ్బరి ఎవరిదని వాళ్ళు అడుగుతారు. అడగాలి.

నన్ను తిట్టాలనుంటే ఫోన్లో తిట్టకు. వచ్చాక ఆ చెట్టు కింద నిలబెట్టి తిట్టు. నాన్న కూడా వింటాడు.

ఇట్లు,
పొడియన్ కూతురు,
నీ ప్రసీద