ఇద్దరికీ సూది

మంగళవారం, ఫిబ్రవరి 11

చిరంజీవి పిడుగుకు,

నాయనమ్మ దీవించి, అవసరమైన చోట మందలించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నా మోకాలు మాత్రం తన మాటే చెల్లించుకుంటోంది.

నువ్వా సుఖవ్యాధుల క్లినిక్కులో ఉద్యోగం మానేయాలని మీ నాన్న పట్టుపట్టాడు. ఈ పని చేసే పిల్లను ఎవరు చేసుకుంటారని వాడి బెంగ. నా మాట జవదాటవు కనుక, మానేయమని నన్నే రాయమన్నాడు. చూడకుండా తీర్పు చెప్పడం నాకు చేతకాదు. అందుకే నిన్న నీకు చెప్పకుండా బస్సెక్కి వచ్చి, మీ క్లినిక్కులో బీపీ చూపించుకునేదానిలా కూర్చున్నాను.

బీపీకీ, కళ్లకీ, నీ రోగులకీ ఒకటే వాకిలి, ఒకటే బెంచీ పెట్టావు. ఎవరు దేనికొచ్చారో పక్కవాళ్లకు తెలియదు. నిరోధ్ తొడుగుల డబ్బా మంచినీళ్ల పక్కనే ఉంది. ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు. మెచ్చుకున్నాను. కానీ నీ గదికి ఆ తెర చాలదు. మాటలు బయటికి వినిపిస్తున్నాయి. తలుపు పెట్టించు.

విన్నాను కనుకే చెప్తున్నా. భార్యతో వచ్చిన ఆ లారీ డ్రైవరు, జబ్బు ఆవిడదేననీ, తాను గుండ్రాయిలా ఉన్నాననీ, తనకెందుకు సూది అనీ ఎగిరిపడ్డాడు. నువ్వు గొంతు పెంచలేదు. గుండ్రాయి అడుగున పాచి పైకి కనిపించదు అన్నయ్యా, రక్తం చూస్తేనే తెలుస్తుంది అన్నావు. ఆవిడ ఒక్కతే మందు వాడితే ఇంటికెళ్లాక మళ్లీ అంటుకుంటుందన్నావు. ఎవరి నుంచి ఎవరికొచ్చిందని మాత్రం ఆరా తీయలేదు. అతను సణుగుతూనే సరేనన్నాడు. బయటికొచ్చాక భార్య, ఇంత మనిషికి ఇంత సూదంటే భయమా అని వేళాకోళమాడింది. ఆ పిల్ల నిండు చూలాలు.

నేను బీపీ చూపించుకోకుండానే లేచి వచ్చేశాను. చూస్తే ఎక్కువే ఉండేది.

ఉద్యోగం మానొద్దు. ఈ పని చూసి వెనక్కి తగ్గే పెళ్లికొడుకు తగ్గనీ, పీడా పోతుంది. మీ నాన్నకు నేను సర్దిచెప్తాను. వేళకు తిను.

ఇట్లు,
నీ పని చూసి గర్వపడిన
నాయనమ్మ

తా.క.: మీ నాన్న కంటే ముందు నాకొక కొడుకు. కడుపుతో ఉన్నప్పుడు నాకూ ఇదే జబ్బని తేలి సూది వేశారు. మీ తాతగారిని ఎవరూ పిలవలేదు. జబ్బు మళ్లీ అంటుకుంది. బిడ్డ కడుపులోనే పోయాడు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఆయన్ను కూడా పిలిపించి ఇద్దరికీ వైద్యం చేసింది. అప్పుడు మీ నాన్న నిక్షేపంలా పుట్టాడు. ఆవిడ చేత కూడా ఇంట్లోవాళ్లు ఆ పని మాన్పించి ఉంటే, నాచేత నీకు ఉత్తరం రాయించడానికి వాడు ఉండేవాడే కాదు.