రబ్బరు ఎరల పెట్టెకు రెండో తాళంచెవి

కోరుట్లలో ఉండే దుబ్బాక ఎల్లన్న అనే నేను, తండ్రి పేరు కీర్తిశేషులు రాజయ్య, వయసు అరవై ఎనిమిదేళ్లు, వృత్తి గాలాల దుకాణం, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరూ పక్కన నిలబడి చెప్పించకుండా, నా అంతట నేను రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. ముసలోనికి మతి తప్పిందని మొదట అనేది నా కొడుకు రాకేశే కాబట్టి ఆ కాగితానికి మూడు నకళ్లు తీయించాను. మూడోది ఎక్కడ దాచానో ఇందులో రాయడం లేదు.

ఈ వీలునామా రాస్తున్నది దస్తావేజుల సుదర్శన్. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాడో లేదోనని ప్రతి పేరా రెండుసార్లు చదివించుకుంటున్నాను. అతనికి విసుగొస్తోంది. రానివ్వండి.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు నా తదనంతరం నా కొడుకు రాకేశ్‌కు, నా బిడ్డ సంగీతకు చెరొక గదిగా చెందాలి. సంగీత తంగళ్ళపల్లిలో తన ఇంట్లో ఉంటుంది. అందుకని ఆమె గది ఖాళీగా ఉంది కదా అని రాకేశ్ "జెర్రన్ని రోజులు" అంటూ అందులో సామాను పెట్టరాదు. వాడి జెర్రన్ని రోజులు ఎన్నాళ్లో నాకు తెలుసు.

2. గాలాల దుకాణం, అందులోని సరుకుతో సహా, రాకేశ్‌కు చెందాలి. వాడు జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. నా దుకాణాన్ని సెల్‌ఫోన్ కవర్ల దుకాణం చేయాలని వాడి మనసులో ఉంది. అలా చేయరాదు. అలాగే రబ్బరు ఎరలను పడమటి ఎండ పడే అద్దం వెనక వేలాడదీయరాదు. నిరుడు నేను జ్వరంతో రెండు రోజులు పడుకుంటే వేలాడదీశాడు. మెత్తని ప్లాస్టిక్ చేపపిల్లలన్నీ ఎండకు మెడలు వాల్చేశాయి. అడిగితే "మంచిగ కనవడ్తె గిరాకి అస్తది గదనే నాయినా" అన్నాడు. కొర్రమట్ట చేప అద్దం చూసి కొరకదు, తోక కదిలితేనే కొరుకుతుంది.

3. రబ్బరు ఎరలు దాచే పద్ధతి. కప్ప, చేపపిల్ల, వానపాము ఆకారంలో చేసిన మెత్తని ప్లాస్టిక్ ఎరలను మేము రబ్బరు ఎరలంటాం. ఆకారం చెడితే అవి నీళ్లలో గిరగిరా తిరుగుతాయి, చేప దగ్గరికి కూడా రాదు. కాబట్టి నా వారసులు వాటిని ఎప్పుడూ చదునుగా పడుకోబెట్టాలి. తోక మడతపడేలా కుక్కరాదు. ఎండ తగిలే చోట, పొయ్యి గోడ పక్కన పెట్టరాదు. తోక వంకరపోతే వేడినీళ్లలో కాసేపు ముంచి, తీసి, చదునైన పళ్లెంలో ఆరనివ్వాలి. మరిగే నీళ్లలో వేసి ఉడకబెట్టరాదు, ఇది రాకేశ్ కోసం ప్రత్యేకంగా రాయిస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యం, ఏ రంగు ఆ రంగుతోనే ఉండాలి. సిరిసిల్లలో ఇరవై రెండేళ్లు నూలుకు అద్దకం పని చేసినవాణ్ని. ఎరుపు పక్కన తెలుపు పెడితే ఏమవుతుందో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

4. నా భార్య కీర్తిశేషురాలు శంకరవ్వ బీడీల చాట, కత్తెర సంగీతకు చెందాలి. తునికాకు ముడుచుకోకుండా శంకరవ్వ తడిబట్టలో ఒక్కొక్క ఆకు పరిచేది. ఎరలు పరిచిపెట్టడం నేను ఆమెను చూసే నేర్చుకున్నాను. ఆ మాట ఆమె బతికుండగా ఒక్కసారైనా చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆమె లేదు. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా సంగీతదే.

5. జగిత్యాల నివాసి జాఫర్‌కు నా ఆస్తిలో ఏమీ చెందదు. పదకొండేళ్లు నా దుకాణంలో ఒక మూల కూర్చుని గాలపు కర్రలు, దారం చుట్టే చక్రాలు బాగుచేసినవాడు. ఎరల పెట్టెకు రెండో తాళంచెవి వాడి దగ్గరే ఉండేది. మూడేళ్ల కిందట ఎండాకాలంలో నేను ఆ పెట్టె తీస్తే, ఎర్ర కప్పలూ నల్ల చేపపిల్లలూ కరిగి ముద్దకట్టి ఉన్నాయి. పెట్టెలో ఏదో పోశాడని, సొంత దుకాణం పెట్టుకోవడానికి నా సరుకు పాడుచేశాడని నాకు అప్పుడే అర్థమైంది. వాడు తాళంచెవి గల్లాపెట్టె మీద పెట్టి "ఎల్లన్నా, నేను గట్ల జేసెటోన్నా? అల్లా కసం, నేను ముట్టలే" అన్నాడు. దొంగ ఒట్టు ఎవరైనా వేస్తారు. వచ్చిన ప్రతి గిరాకీకి ఈ సంగతి చెప్పాను. ఆ ఏటి రంజాన్ పండుగకు వాడి భార్య రాబియా బీ పంపిన సేమ్యా టిఫిను మూత తీయకుండా తిప్పి పంపాను. శంకరవ్వ చివరి రోజుల్లో కూడా "జాఫర్ గా పని జెయ్యడు" అనేది. ఆమెకు అందరూ మంచివాళ్లే. నేను పోయినప్పుడు జాఫర్ నా పాడె పట్టరాదు, వాకిట్లోకి రారాదు.

(ఇంతవరకు జూన్ మూడో తేదీన రాయించాను. మిగతాది పదిహేను రోజుల తర్వాత.)

6. ఎరల్లో మంచివి ఏరి, రాకేశ్ చేతికి అందకుండా, పోయిన ఏడాది ఒక రేకు పెట్టెలో నేనే సర్ది, తాళం వేసి, తంగళ్ళపల్లిలో సంగీత ఇంట్లో పెట్టించాను. దానికి ఒకటే తాళంచెవి. అది నా మొలతాడుకే ఉంది, స్నానానికి కూడా తీయను. సరుకు జాబితా రాయాలని సుదర్శన్ అంటే సంగీత ఆ పెట్టె తెచ్చింది. సుదర్శన్ ముందరే తాళం తీశాను.

ఆకుపచ్చ కప్పలు నిన్న కొన్నట్టు ఉన్నాయి. ఎరుపు అర, నలుపు అర ముద్ద. మూడేళ్ల కిందట చూసిన ముద్దే. సంగీత అన్నది: "తాళపుచెయ్యి నీ మొలకే ఉన్నది గద నాయినా. గిప్పుడు ఎవల మీద అంటవు?"

బిడ్డ మీద కూడా ఒక క్షణం అనుమానపడ్డాను. అది కూడా రాయమన్నాను. తర్వాత ఒక్కొక్క అర చూశాను. పాడవని అరలో అన్నీ పాతరకం ఎరలే. పాడైన అరల్లో పాతరకంతో పాటు ఎంత లాగినా తెగకుండా సాగే కొత్తరకం కలిసి ఉన్నాయి. రెండూ ఎర్రగా ఉన్నాయని ఎరుపు అరలో, నల్లగా ఉన్నాయని నలుపు అరలో, అప్పుడూ ఇప్పుడూ నేనే కలిపాను. ఒక పళ్లెంలో పాతది, కొత్తది ఆనించి పెట్టాను. ఇంకో పళ్లెంలో రెండూ విడివిడిగా పెట్టాను. వారం తిరిగేసరికి ఆనించినవి జిగురై అంటుకుపోయాయి. విడిగా ఉన్నవాటికి ఏమీ కాలేదు. రంగు చూశాను గాని సరుకు చూడలేదు. నూలుకు రంగు అంటితే రంగే పోతుంది, ఇక్కడ వస్తువే పోతుంది. పెట్టెలో ఎవరూ ఏమీ పోయలేదు. జాఫర్ ఏ పాపమూ చేయలేదు, చేసినవాణ్ని నేను.

7. కనుక అయిదో నిబంధన రద్దు. సుదర్శన్ వేరే కాగితం మీద శుభ్రంగా రాస్తానన్నాడు, వద్దన్నాను. నింద పదిమందిలో వేశాను, అందరూ చదివే కాగితంలో అది ఉండాలి, కొట్టివేతా ఉండాలి. మూడో నిబంధనలో "ఏ రంగు ఆ రంగుతో" అన్నచోట "ఏ రకం ఆ రకంతో, కొన్న కవర్లోనే" అని చదువుకోవాలి. నా మాట విని చక్రాల బాగుకు జాఫర్ దగ్గరికి పోవడం మానేసిన గిరాకీలకు తెలిసేలా, జాఫర్ నిర్దోషి అని నా పేరుతో దుకాణం షటరు మీద రాయించాలి. దుకాణంలో సగం వాటా జాఫర్‌కు చెందాలి. నా పాడె పట్టడం, పట్టకపోవడం అతని ఇష్టం.

8. ఈరోజు సంగీత జగిత్యాలకు పోయి జాఫర్‌ను తీసుకొచ్చింది. గడ్డం తెల్లబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సుదర్శన్ మొదటినుంచి అంతా చదివి వినిపించాడు, అయిదోది కూడా. జాఫర్ తల వంచుకుని విన్నాడు. అయిపోయాక సుదర్శన్‌ను అడిగాడు: "సాక్షి సంతకం పెట్టినోనికి గిండ్ల వాటా అస్తదా?"

"వాటా ఉన్నోళ్లు సాక్షి పెట్టద్దు. రేపు లొల్లి అయితది" అన్నాడు సుదర్శన్.

"అయితె నా వాటా కొట్టెయ్యి. సాక్షి నేను పెడ్త" అని, అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "మూడేండ్ల సంది నా మాట నమ్మకపోతివి ఎల్లన్నా. నా సంతకం నమ్ముతవా?"

నమ్ముతాను. ఏడో నిబంధనలోని వాటా అతని కోరిక మీద రద్దు చేస్తున్నాను, మిగతా మాటలన్నీ నిలుస్తాయి.

కోరుట్ల, తేది 18-06-2025.

దుబ్బాక ఎల్లన్న (సంతకం)

సాక్షులు:
1. జాఫర్, జగిత్యాల (ఉర్దూలో సంతకం)
2. సమ్మయ్య, ఎదురుగా చాయ్ హోటల్, కోరుట్ల (వేలిముద్ర)