పెనుమూడి ఇసుకలో ఆట

రేపల్లె,
నవంబరు 1988.

మామయ్యగారికి నమస్కారం. ఈసారి క్షేమసమాచారాలు రాయబుద్ధి కావడం లేదు.

బాపట్లలో మన ఫుట్‌బాల్ జట్టు ఓడినందుకు నాకు కోపం లేదు. రెండేళ్లుగా ఓడుతూనే ఉన్నాం. గోల్‌కీపర్ ఆదాము కాలు విరిగి నెత్తురోడుతూ పడి ఉంటే, క్లబ్బు ఓనరైన మీరు ఏమన్నారు? "జీపు సీట్లు పాడవుతాయిరా, రిక్షా పిలవండి" అన్నారు. అతన్ని ఆస్పత్రికి మోసుకెళ్లింది మ్యాచ్ చూడ్డానికి మన ఊరి నుంచి వచ్చిన జనం.

ఆ జనమే మర్నాడు సమావేశమై, క్లబ్బును ఊరికి అప్పగించమని మిమ్మల్ని అడగాలనుకున్నారు. అందరి తరఫునా ఆదాము భార్య సారా, నేను మీ రైసు మిల్లుకు వచ్చాం. ఆమెను గుమ్మం బయటే నిలబెట్టారు.

"క్లబ్బు నాది. వాళ్ల ఒంటిమీద చొక్కాలు కూడా నావే. మీకిచ్చేదేంటి?" అన్నారు.

"చొక్కాలు ఇచ్చేస్తామండి. ఆట మీదెట్టా అవుద్దండి?" అంది సారా.

మీరు రేడియో సౌండు పెంచారు. ఆమె ముందు నేను తలెత్తుకోలేకపోయాను.

అందుకే మీ జెర్సీలన్నీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వచ్చే ఆదివారం పెనుమూడి దగ్గర ఏటి ఇసుకలో, కొత్త పేరుతో, బనియన్లతో ఆడతాం. మీరూ వచ్చి అందరితోపాటు నిలబడి చూడవచ్చు.

మీకు ఎదురు తిరిగినందుకు అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ జెర్సీలు ఉతికి మడత పెట్టి, "తమ్ముడి సొత్తు తమ్ముడికి ఇచ్చెయ్యి" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీ జట్టు ఆట చూడని మనిషి, ఆదివారం మాతో వస్తానంటోంది.

మీ మేనల్లుడు