చెరువు గట్టు మీద తమ్ముడి పక్కన

ఆదివారం

ఊరి పిల్లల కబడ్డీ మ్యాట్ కొనే డబ్బుల కోసం ధర్మవరం చెరువులో గాలాల పోటీ పెట్టారు. నేనూ పేరిచ్చాను. గట్టు మీద చోట్లకు చీటీలు తీస్తే నా పక్క చోటు తమ్ముడికి వచ్చింది. పొలం పంచుకున్న నాటి నుంచి, ఆరేళ్లుగా, మాకు మాటల్లేవు.

మధ్యాహ్నం మా గాలాల దారాలు ఒకదానికొకటి చిక్కుకున్నాయి. వాడు విప్పుతూ, "ఏమన్నా, నాతో మాట్లాడకుంటే పాయె, చేపలతోనన్నా మాట్లాడు. అప్పుడన్నా పడతాయేమో" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు.

చిక్కు వీడక నా దారమే కోసేశాను. మరో గాలం తెచ్చుకోలేదు. లేచి పోవచ్చు. పోవాలని గానీ ఉండాలని గానీ అనిపించలేదు.

పొద్దు వాలేదాకా ఉత్త కర్ర నీళ్ల మీదికి చాపి వాడి పక్కనే కూర్చున్నాను. వాడు చూశాడు. మళ్లీ తన గాలం వైపు తిరిగాడు.