ఎగరని ఏడాది

వైహోరా లోయ రోడ్డు,
జూన్ 14, శుక్రవారం.

ప్రియమైన రేవిన్‌కు,

గ్లెనిస్ రాయునది. నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ క్షేమమని తలుస్తాను. మేమూ క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాశాననుకో. కంచెకి అటు నువ్వు, ఇటు నేను, మధ్యలో ఈ ఉత్తరమేమిటని నవ్వకు. హాల్లో విచారణ జరిగిన రోజు నుంచి నీ మొహం చూసి మాట్లాడే ఓపిక నాకు లేదు.

తీర్పు పోయిన వారం వచ్చింది. కౌన్సిల్ కొత్త నిబంధనల ప్రకారం ఇళ్ళకి అంత దగ్గర్లో విమానాలు దిగకూడదు. ముందునుంచీ వాడుతున్న రన్‌వే అయితే పాత హక్కు కింద వదిలేస్తారు. మధ్యలో ఏడాదిపాటు వాడకం ఆగిందా, ఆ హక్కు పోయినట్టే. మా మామగారు, లిండ్సే వాళ్ళ నాన్న, రాళ్ళేరి చదును చేసిన, ఎరువు చల్లే విమానం దిగే మా కొండమీది గడ్డి రన్‌వే అలాగే పోయింది.

పోనీ హెలికాప్టర్ దించుకుంటామని లిండ్సే అడిగాడు కదా. దానికీ అదే దూరమట. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మాత్రం ఎక్కడైనా దిగొచ్చట. "అయితే నేను గుండె పట్టుకుని పడిపోతా, వచ్చేటప్పుడు నాలుగు బస్తాల ఎరువు వేసుకురమ్మనండి" అన్నాడు. హాలంతా నవ్వింది. నువ్వూ నవ్వావు.

ఆ రోజు నువ్వు తెచ్చిన చీజ్ స్కోన్లు నేను రెండు తిన్నాను. మన లోయలో పెళ్ళైనా చావైనా కౌన్సిల్ విచారణైనా చేతిలో పళ్ళెం లేకుండా ఎవరూ రారు. తిన్నాక నా మీద నాకే ఒళ్ళు మండింది. నువ్వు వెన్న ఎక్కువ వేస్తావు.

ఫిర్యాదు పెట్టిన మీ అల్లుడు క్రెయిగ్ మీద నాకు కోపం లేదు. ఏటి ఒడ్డున అద్దె కాటేజీలు కట్టుకున్నాడు, పట్నంవాళ్ళు నిశ్శబ్దం కోసం డబ్బిచ్చి వస్తారు. "మీ విమానం సరాసరి వాళ్ళ కాఫీలోనే దిగుతోంది ఆంటీ" అని మొహం మీదే చెప్పాడు. నా బాధంతా నీ సాక్ష్యం గురించి. నువ్వు లేచి నిలబడి, "మా ఆయన పోయిన ఏడాది నాకు బాగా గుర్తు. ఏడాదికి పైగా ఆయన మంచం పక్కన కిటికీ దగ్గరే కూర్చున్నా. ఒక్క విమానమూ రాలేదు. బైబిల్ మీద చెయ్యేసి చెప్తా" అన్నావు. అది అబద్ధమైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని.

ఆ ఏడాది విమానం ఎందుకు ఆపారని అధికారి లిండ్సేని రెండుసార్లు అడిగాడు. లిండ్సే నీ వైపు ఒకసారి చూసి, "గుర్తు లేదండీ" అన్నాడు. ఏ గొర్రె ఏ కాలు కుంటిందో పదేళ్ళ తర్వాత కూడా చెప్పే మనిషి! బయటికొచ్చాక బుద్ధుందా అని నిలదీశాను. "ఉండబట్టే" అని కారెక్కాడు.

ఇక చెప్పడానికేముంది? మా కొండలు ఎంత నిటారుగా ఉంటాయో నీకు తెలుసు, లారీ ఎక్కదు. పైనుంచి ఎరువు పడకపోతే గడ్డి పలచబడుతుంది, గడ్డి లేకపోతే గొర్రెలు లేవు. అప్పీలు చేసుకోవచ్చని లాయరు అన్నాడు గానీ, ఆ అన్నవాడికే నమ్మకం లేదు. పైన్ చెట్లు నాటే కంపెనీ మనిషి మొన్న వచ్చి మా కొండలకి ధర చెప్పి, టీ తాగి వెళ్ళాడు. మందని వచ్చే నెల అమ్మేస్తున్నాం. కుర్ర కుక్కల్ని ఎవరో తీసుకుంటామన్నారు, ముసలిదాన్ని ఎవరూ అడగలేదు. పైలట్ హేమి ఎప్పటిలాగే ఫోన్ చేసి, ఈసారి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. లిండ్సే ఫోన్ నా చేతిలో పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఇంక రావద్దని నేనే చెప్పాను.

పైన్ చెట్లు చప్పుడు చెయ్యవు. క్రెయిగ్‌కి అదే చెప్పు.

ఇట్లు,
ఇంకొన్నాళ్ళ వరకు నీ పొరుగు,
గ్లెనిస్.

తా.క.: లిండ్సేకి తెలియకుండా ఈ ముక్క రాస్తున్నాను. చేసిన మేలు చెప్పుకుంటే అది బేరమైపోతుందని నా నోరు కట్టేశాడు. హేమి విమానం మలుపు తిరిగేది మీ ఇంటి కప్పు మీదుగానే. రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగే మీ ఆయన కెల్విన్‌కి పగలే కాస్త కునుకు పట్టేదని నువ్వే మా వంటింట్లో కూర్చుని ఏడ్చావు. ఆ సాయంత్రమే లిండ్సే హేమికి ఫోన్ చేసి రావద్దన్నాడు. పొలం బీడు పెడితే పొలం ఎక్కడికి పోతుంది? రన్‌వే కూడా అంతే అనుకున్నాం. ఎన్నాళ్ళు ఆపాలని హేమి అడిగితే, "వాడు ఉన్నన్నాళ్ళు" అన్నాడు. డాక్టర్లు కెల్విన్‌కి నెల రోజులే ఇచ్చారు. వాడు ఏడాది దాటేదాకా ఉన్నాడు. ఇంకొన్నాళ్ళు ఉండాలని ప్రతి ఆదివారం చర్చిలో నీ పక్కనే మోకరించి మేమిద్దరం వేడుకున్నాం.